ప్రతిపక్షం టైలరు

ఆ వీధిలో అతణ్ణి అందరూ ‘ప్రతిపక్షం’ అనేవారు. వృత్తి బట్టలు కుట్టడం. మెడలో టేపు ఎప్పుడూ ఎలా వేలాడేదో, నోట్లో వాదన అలా సిద్ధంగా ఉండేది. చొక్కా కొలతలివ్వడానికి వచ్చినవాడు పొరపాటున ఎన్నికల మాటెత్తాడా, అయిపోయాడంతే! చేతులు చాపినవాడు చాపినట్టే నిలబడాలి, ఈయన టేపు అతని భుజం మీద వదిలేసి ప్రభుత్వాన్ని దులిపేస్తూ ఉండేవాడు. ఆ నోటికి జడిసి కొందరు వేరే కొట్టు చూసుకున్నారు. పోతే పోనీ అనుకున్నాడు. అతనికి అసలైన జోడీ వేరే ఉన్నాడు మరి. అక్క మొగుడు.

బావ బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. దైవభక్తి మెండు, అధికార పార్టీ మీద అభిమానం అంతకన్నా మెండు. మన టైలరుకు రెండూ గిట్టవు. ఆదివారం మధ్యాహ్నం అక్క ఇంట్లో భోజనానికి కూర్చుంటే ఇద్దరి చేతులూ ఎండిపోయేవి గానీ నోళ్లు ఆగేవి కావు. “నీకు బుర్ర లేదురా!” అని ఆయన. “నీకున్నది మీ నాయకుడికి తాకట్టు పెట్టావుగా బావా!” అని ఇతను. పెళ్లాం పోయి, పిల్లల్లేక, కొట్టు వెనక గదిలో ఒంటరిగా బతికే మనిషికి ఆ పోట్లాటే వారానికి సరిపడా ఊపిరి.

అలాంటిది, అక్కకు జబ్బుచేసి, ఆపరేషనై ఇంటికొచ్చిన వారం నోరు జారాడు. “దేవుడే కాపాడాడురా” అని బావ కళ్లొత్తుకుంటుంటే, “మరి జబ్బు తెచ్చిందెవరు బావా, పక్కింటివాళ్లా?” అనేశాడు. ఛ! ఆ మాట అనాల్సిన వేళా అది? బావ ఎంగిలి చేత్తోనే కంచం ముందు నుంచి లేచిపోయాడు. మంచం మీంచే అక్క తీర్పు చెప్పేసింది. “ఈ ఇంట్లో ఇక రాజకీయాల్లేవు, దేవుడి ఊసూ లేదు. సరేనంటే రా, లేదంటే మానేయ్.”

సరేనన్నాడు. అనక ఏం చేస్తాడు, ఉన్నది ఒక్క అక్క. ఇక ఆదివారాలు చప్పబడిపోయాయి. “ఎండలు ముదిరాయి.” “అవును.” “మోకాలెలా ఉంది?” “పర్లేదు.” ఆ తర్వాత బావ కంచంలోకి చూస్తూ తినేవాడు. ఇతనికి ముద్ద దిగేది కాదు. కొట్టుకొచ్చి, రేడియోలో వార్తలు పెట్టి, మిషను తొక్కుతూ రేడియోతో గొడవపడేవాడు. అది తిరిగి తిట్టదు కదా! ఆ బెంగలో ఒకాయన చొక్కాకు ఎడమవైపు తీయాల్సిన కాజాలు కుడివైపు తీసి చీవాట్లు తిన్నాడు.

చివరికొక ఆలోచన తట్టింది. బావ ఇంకా అలక మీదే ఉన్నాడు, ఓడిపోయానని తనే ఒప్పుకుంటే మనసు కరుగుతుంది, మళ్లీ మునుపటి మనిషవుతాడు. అంతేగా! ఆ ఆదివారం అక్క టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లగానే గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

“బావా, నువ్వన్నదే నిజం. అక్కను దేవుడే కాపాడాడు. మీ పార్టీ విషయంలో కూడా నేనే పొరబడ్డాను.”

బావ మొహం వెలిగిపోతుందనుకున్నాడు. వెలగలేదు సరికదా, పాలిపోయింది.

“నిజంగానే అంటున్నావా?”

“ఒట్టు బావా.”

“మీ అక్క నేనేం చెప్పినా సరే అంటుంది. కొడుకు సరే సరే అంటూ ఫోను చూసుకుంటాడు. నా మాట పూర్తిగా విని, కాదని కొట్లాడేవాడివి నువ్వొక్కడివేరా. మీ అక్కకు భయపడి ఊరుకున్నానే గానీ, ఎప్పటికైనా నువ్వే మొదలెడతావని ప్రతి వారం చూస్తున్నాను. నువ్వు కూడా సరే అనేస్తే ఎలారా?”

టైలరు కంగారుగా అందుకున్నాడు. “అబద్ధం చెప్పాను బావా! నేనేం మారలేదు. నీ మీద బెంగతో అలా అన్నాను.”

బావకు కోపం కూడా రాలేదు. వచ్చినా బాగుండేది.

“అయితే జాలిపడ్డావన్నమాట. రేపు నువ్వు కాదన్నా, నా ముచ్చట తీర్చడానికే అంటున్నావనుకుంటాను కదరా.”

టైలరు మెడలోని టేపు తీసి వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు.

అక్క టీ తెచ్చింది. పక్కపక్కన నోరెత్తకుండా కూర్చున్న ఇద్దర్నీ చూసేసరికి ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

“ఇలా గొడవల్లేకుండా ఉంటే ఎంత హాయిగా ఉందో చూశారా!” అంది.

ఇద్దరూ ఒకేసారి అవునన్నారు.