మూత లేని పీత బొరియ

ఏడో తరగతిలో బడి నన్ను వదిలేసిందో, నేను బడిని వదిలేశానో ఇప్పటికీ తేలలేదు. మొత్తానికి బందరు దగ్గర అద్దకం షెడ్డులో పడ్డాను. పోయిన వానాకాలం మా మేస్త్రీ గారు నన్ను దివిసీమలో పాయ గట్టు మీదున్న యానాదుల పేటకి తీసుకెళ్ళారు. వాన వచ్చే ముందు వాళ్ళు చూసే గుర్తులన్నీ ఒకే గుడ్డ మీదికి ఎక్కించాలి. వాళ్ళు గీస్తారు, మేం అచ్చులు చెక్కించి అద్దుతాం. ప్రదర్శనకి పెడతారట.

అందరూ అత్త అని పిలిచే పెద్దావిడ చెప్పిందే అక్కడ గుర్తు. కిందగా ఎగిరే తూనీగలు, గుడ్లు మోసే చీమలు. ఈమధ్య చీమలు కూడా తడబడుతున్నాయని ఆవిడే అనేది. పీతని మాత్రం నమ్మేది. వాన వస్తుందంటే పీత తన బొరియకి బురదతో మూత పెట్టుకుంటుంది. పొద్దున్నే బొరియలు చూసొచ్చి, తన భర్తని, అంటే మా అందరికీ మావయ్యని, చేపల వేటకి వెళ్ళమనో వద్దనో చెప్పేది ఆవిడే.

ఆ రోజు బొరియలన్నీ తెరిచే ఉన్నాయి. మావయ్య నావ వేసుకుని మడ అడవిలోకి వెళ్ళాడు. మధ్యాహ్నం మా ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి: ఈదురుగాలులు, పిడుగులు. అత్త తలెత్తలేదు. ఫోను ఏనాడైనా బురదలో దిగిందా, దానికేం తెలుసని నేనే అందర్నీ నవ్వించాను.

కాసేపటికి సముద్రం వైపు నల్లబడింది. తడిస్తే రంగు పట్టడానికి అద్దిన పటిక కారిపోతుందని గుడ్డ చుట్టేసి పాకలోకి పరిగెత్తాం. అత్త గట్టు మీదే నిలబడింది, రమ్మన్నా రాలేదు. అవతలి ఒడ్డు కనపడటం మానేసింది. నా నోట్లో వేళాకోళం ఒక్కటీ మిగల్లేదు.

చీకటి పడే వేళకి మావయ్య గట్టు వెంట నడుచుకుంటూ వచ్చాడు. నావ లేదు, వలలు లేవు. అత్త ఆయన్ని తిట్టలేదు. అందుకే నాకు ఇంకా భయమేసింది. లోపలికొచ్చి గుడ్డ పరిపించింది.

"మూత అచ్చు పక్కన పెట్టు. బొరియ తెరిచే ఉంచి, మీద వాన వెయ్యి."

అలా వేస్తే తప్పు గుర్తవుతుందండీ అని మేస్త్రీ గారు నసిగారు.

"ఆ మూత నమ్మే కదయ్యా ఈయన్ని పంపాను."

నేను వేశాను. వాన కాస్త వంకర పోయింది.

అన్నం తింటూ మావయ్య, తమ్ముడి నావ అడుగుతాను, రేపు వెళ్ళనా వద్దా అని అలవాటుగా ఆవిడనే అడిగాడు. అత్త ఆయనకి ఇంకాస్త అన్నం వడ్డించింది. తర్వాత నా వైపు తిరిగింది.

"మీ ఫోనేమంటుందిరా?"

"చార్జింగ్ అయిపోయింది అత్తా."

నిజమే చెప్పాను. మేస్త్రీ గారు మాత్రం ఇప్పుడా హాస్యాలు అన్నట్టు నన్ను గుర్రుగా చూశారు.