ఘాటీలో ఆగిన సీమ కారు

ఒక మనిషికి తన మీద తనకున్న నమ్మకాన్ని నేను తీసేశాను. తీసింది నేనేనని అతనికి చెప్పలేదు. ఆ మనిషి నా భర్త. ఇప్పుడు లేరు. చెప్పవలసిన మనిషే పోయాక ఈ బరువు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. పెరిగింది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. ఎరిగినవాళ్ళ ముందు నోరు రాక, ఎరగని మీ ముందు చెబుతున్నాను. మూడో తరగతితో నా చదువు ఆగిపోయింది, కాబట్టి రాతలో తప్పులుంటే సర్దుకొని చదవండి.

మాది కోరాపుట్ కొండల్లోని సెమిలిగుడలో చింతపండు టోకు దుకాణం. కొండ ఊళ్ళ నుంచి వచ్చే చింతపండు కొని, పీచూ గింజా తీయించి, ఘాటీ అని పిలిచే మలుపుల కొండదారిన దింపి విజయనగరం వైపు పంపేవాళ్ళం. బజారులో నన్ను గట్టి మనిషి అంటారు. కాలిన అగ్గిపుల్లతో రెండో పొయ్యి అంటించే మనిషి అని వెనకాల నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ పొదుపుతోనే దుకాణం నిలబడింది. ఆ పొదుపుతోనే ఈ పని కూడా చేశాను.

మా ఆయనకు తాగుడు లేదు, పేకాట లేదు. ఒక కారు కంపెనీ పిచ్చి ఉండేది. దాని పేరు రాయను. రాజులూ జమీందారులూ ఓడల మీద తెప్పించుకున్న ఇంగ్లీషు సీమ బండి, అంతవరకు చాలు. దుకాణం తలుపులు వేశాక పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకొని ఆ కంపెనీ కథ చెప్పేవారు. ఎప్పుడూ ఒకేలా మొదలయ్యేది.

"సీమలో ఒకడున్నాడు. బీదోడు. మీ అమ్మంత సదువు కూడా నేదు ఆడికి."

పిల్లలు నా వైపు చూసి నవ్వేవారు. ఆ బీదవాడు బండి చేశాడట, ఒక గొప్పింటివాడు దాన్ని అమ్మాడట. ఇంజను నడుస్తుండగా దాని మీద రూపాయి బిళ్ళ నిలబెడితే పడేది కాదట. ఆ బండి ఎక్కడో దూరదేశంలో ఆగిపోతే కంపెనీ మనిషి వచ్చి బాగుచేసి వెళ్ళాడట. బిల్లు ఎంతని రాస్తే, మా బండ్లు ఆగవు, మీరు పొరబడ్డారు అని జవాబు వచ్చిందట. ఈ చోటుకి వచ్చేసరికి మా ఆయన గొంతు మారిపోయేది. తనే ఆ కంపెనీ గుమస్తా అయినట్టు, తనే ఆ జవాబు రాసినట్టు. "ఆ కంపెనీ మీకేటి కూడెడతాదా?" అని నేను వంటింట్లోంచి కసిరేదాన్ని. ఆయన ఆగేవారు కాదు. ఆ గొంతు ఇప్పుడు ఒక్కసారి వినపడితే చాలనిపిస్తుంది. నేను కసరకుండా ఒక్కసారి.

ఆ పిచ్చికి ఒక వేరుంది. అది మా అత్త. ఆమె సాలూరు అవతల పల్లెలో పుట్టింది. చిన్నతనంలో ఉప్పు గంప నెత్తిన పెట్టుకొని, నడిచి ఘాటీ ఎక్కి, పొట్టంగి సంతలో చింతపండుకు మార్చుకొని దిగేది. ఆ దారిన జమీందారు సీమ కారు వస్తే కూలిజనం రోడ్డు దిగి నిలబడాలి. మా అత్త దిగి నిలబడేది. బండి పోయాక నోట్లో దుమ్ము ఉమ్ముకొని మళ్ళీ గంప ఎత్తుకునేది. ఈ సంగతి ఆమె ఏడుస్తూ చెప్పలేదు. "ఎంత అందంగా ఉండేదో నాయినా ఆ బండి" అని చెప్పేది. కొడుకు దాన్ని వేరేగా విన్నాడు. నడిచి ఎక్కిన ఘాటీ నిన్ను అదే బండిలో కూర్చోబెట్టి ఎక్కిస్తాను అని తల్లికి మాట ఇచ్చాడు.

మాట నిలబెట్టుకునే రోజు వచ్చింది. జమీందారు వారసులు పాత షెడ్డు ఖాళీ చేస్తూ బండిని ఇనుము కింద అమ్ముతున్నారని తెలిసింది. దాని సీట్లలో కోళ్ళు పొదుగుతున్నాయి. ఆయన కొనేశారు. నేను రెండు పూటలు అన్నం తినలేదు. ఆయన బతిమాలలేదు, కోప్పడలేదు. ప్రతి సాయంత్రం దాని కింద దూరి, మోటారు మేస్త్రీ పక్కన ఉండి, ఒక్కొక్క భాగం బాగుచేయించుకున్నారు. వాన వెలిసిన ఒక ఉదయం అది చిన్న దగ్గు దగ్గి మొదలైంది. ఆ చప్పుడుకు వీధంతా వచ్చింది. నేనూ వచ్చాను. ఎదురింటి కిరాణా కొట్టాయన "ఏటి బావా, జమీందారువైపోనావా? రేపట్నించి మేం రోడ్డు దిగి నిలబడాలా?" అని వేళాకోళం చేస్తే మా ఆయన చిన్నపిల్లాడిలా సిగ్గుపడ్డారు. ఆ సిగ్గు ముఖం కూడా నేనే చెరిపాను.

ఒక్క పని మిగిలింది. ఇంజను వేడెక్కకుండా నీళ్ళు తిరిగే రేడియేటర్ ఉంటుంది కదా, దాన్ని ఊడదీసి విజయనగరం పంపి కడిగించాలి, అమ్మను తెచ్చే ముందు ఆ పని తప్పదు అన్నారు. దానికయ్యే ఖర్చు వింటే నాకు మనసు ఒప్పలేదు. మర్నాడు ఆయన సరుకు పని మీద నారాయణపట్న వెళ్ళారు. నేను రేడియేటర్ మూత తీసి చూశాను. లోపల ఇత్తడి. పచ్చగా కిలుము పట్టి ఉంది.

ఇత్తడి బిందెకు కిలుము పడితే మనం ఏం చేస్తాం? మీరైనా ఏం చేస్తారు? చింతపండుతో తోముతాం, మా దుకాణంలో దానికేం కొరత? మంచి చింతపండు కూడా కాదు, అమ్ముడు పోదని మూల పోసిన పీచు చెత్త తీసుకున్నాను. నానబెట్టి, పిసికి, చేత్తో పైపైన వడకట్టి పోశాను. ఒక రాత్రి ఉంచాను. పొద్దున్న మేస్త్రీ తిప్పగా చూసిన కింది కుళాయి తిప్పితే పచ్చనీళ్ళు పోయాయి. బావి నీళ్ళు పోసి మూత పెట్టేశాను. లోపల బంగారంలా మెరిసింది. ఎంత మురిసిపోయానో. పైన మెరిసినది కింద సన్న గొట్టాల్లో పీచుగా కూర్చుందని నాకేం తెలుసు?

తెలియదు. అక్కడి వరకు అది తెలియనితనం. దానికి నేను ఏడవను.

ఆయన వచ్చి మూత తీసి చూశారు. చూసి నన్ను కేకేశారు. "సూడే! ఇన్నేళ్ళు షెడ్డులో పడున్నా కిలుము పట్టనేదు. కంపెనీ అంటే అదీ! ఇంక విజయనగరం పంపక్కర్నేదు" అన్నారు. ముందు దాని మీద పట్టిన కిలుము ఆయన చూడలేదా, మేస్త్రీ మాట మీద కడిగించాలనుకున్నారా, నాకు తెలియదు. ఆ క్షణంలో చెప్పి ఉంటే సరిపోయేది. నేనే తోమానండీ అంటే నవ్వేవారు, ఒకసారి విప్పించి చూసేవారు. నేను చెప్పలేదు. ఎందుకు? ఆయన అంత సంతోషంలో ఉంటే కంపెనీ గొప్పని నా చింతపండు గొప్ప చేయడం ఎందుకనుకున్నానా? విజయనగరం ఖర్చు తప్పిందిలే, నోరు మూసుకుందాం అనుకున్నానా? రెండోదే. నన్ను నేను ఎరుగుదును.

మా అత్తను తీసుకురావడానికి వెళ్ళాం. ఘాటీ దిగేటప్పుడు బండి ఊయలలా దిగింది. పల్లెలో మా అత్త చలువ చేసిన తెల్ల కోక కట్టుకొని సిద్ధంగా ఉంది. బండి ఎక్కబోతూ చెప్పులు విప్పేసింది. "ఏసుకోవే అమ్మా, ఇది నీ బండి" అని ఆయన ఎంత చెప్పినా చెప్పులు చేత్తో పట్టుకొనే కూర్చుంది. ఊరు దాటేవరకు కిటికీలోంచి చూడనే లేదు, ఎవరైనా చూస్తారని. ఘాటీ మొదలయ్యాక చూసింది. "ఇక్కడ గంప దింపేవోళ్ళం. ఇక్కడ నీల్లు తాగేవోళ్ళం" అని చూపిస్తూ వచ్చింది. ఆయన ముందు సీట్లోంచి "ఇప్పుడు దిగక్కర్నేదు, అమ్మా. ఈ బండి ఆగదు" అన్నారు.

ఘాటీ మీది సుంకి ఊరు చేరకముందే వేడి చూపించే ముల్లు చివరికి వెళ్ళింది. ఆపి చల్లారనిస్తే బతికేది. ఆగదని అప్పుడే తల్లికి చెప్పిన మనిషి ఎలా ఆపుతాడు? ఇంకో మలుపు, ఇంకో మలుపు అని లాగారు. ముందునుంచి పొగలా ఆవిరి లేచింది. పెద్ద చప్పుడుతో ఇంజను పట్టేసింది. బండి అడ్డంగా నిలిచిపోయింది. వెనక లారీలు నిలిచిపోయాయి.

మూత ఎగిరి మరుగునీళ్ళు రోడ్డు మీద పారాయి. అప్పుడు వచ్చింది నాకు వాసన. చారు మరిగే వాసన. లారీ మీదనుంచి ఒకడు "ఏటి బాబూ, బండిలో సారు కాస్తన్నారా?" అని అరిచాడు. అందరూ నవ్వారు. మా ఆయనకు ఆ మాట ఎక్కలేదు. పుట్టింది మొదలు చింతపండులో బతికిన మనిషి. మా బట్టలది అదే వాసన, మా జుట్టుది అదే వాసన. ఆయన ముక్కుకు అది వాసనే కాదు. నా ముక్కుకూ కాదు మామూలప్పుడైతే. ఆ రోజు మాత్రం తెలిసింది.

మా అత్త దిగి రోడ్డు పక్క రాయి మీద కూర్చుంది. పోతున్న బండ్ల దుమ్ము ఆమె తెల్ల కోక మీద పడుతోంది. ఆయన నా దగ్గరకు వచ్చి మెల్లిగా అడిగారు.

"నువ్వేటైనా ముట్టేవా దీన్ని?"

"నాకేటి తెలుసు మీ సీమ బండి సంగతి? ముసిలి బండి, ముసిలి మనిసి, ఈ ఎండలో ఘాటీ ఎందుకని నేను సెప్పేనా నేదా?"

"అడిగేనంతే. కోప్పడకు."

"అడగడానికైనా బుద్ధుండాల."

మా అత్త విన్నది. నన్ను పిలిచింది. "ఆడినేటీ అనకే అమ్మి. బండి తప్పూ కాదు, ఆడి తప్పూ కాదు. నేనెవల్నో ఆ బండికి గురుతున్నాది" అంది.

ఆయన ఆ మాటకు తల దించుకున్నారు. నేను అక్కడే ఉన్నాను. చెప్పవలసిన మాట నా నాలుక మీదే ఉంది. నా తప్పు చింతపండు పోయడం కాదు. ఆ క్షణం. ఆ ముసలామె అలా నమ్ముతుంటే, ఆ కొడుకు వింటుంటే, నేను పక్కన కొంగు దులుపుకుంటూ నిలబడ్డాను.

కోరాపుట్ పోయే లారీలో మా అత్తను ముందు కూర్చోబెట్టి ఇల్లు చేర్చాం. ఆ ఏటి వానాకాలంలోనే ఆమె పోయింది. బండిని తాడు కట్టి లాక్కొచ్చారు. మేస్త్రీ విప్పి చూస్తానన్నాడు. విప్పితే పీచు బయటపడుతుంది. నేను పడనివ్వలేదు. ఉన్న డబ్బు తగలేసింది చాలు, ఇనుము కింద అమ్మేయండి అని పట్టుబట్టాను. ఎవరికీ అనుమానం రాలేదు. నా పొదుపు పేరు చాటునే నేను దాక్కున్నాను. పాత ఇనుము కొనేవాళ్ళు వచ్చి ముక్కలు చేసి పట్టుకుపోతుంటే ఆయన దుకాణంలోంచి బయటికి రాలేదు.

ఆ తరువాత ఆయన సీమ కథ చెప్పలేదు. పిల్లలు అడిగితే "మనకెందుకులే" అనేవారు. ఆ మాట ఆయనకు అలవాటైపోయింది. వర్తకుల సంఘంలో పెద్దగా ఉండమంటే మనకెందుకులే. కొడుకు కొత్త కారు కొని ముందు సీట్లో కూర్చో నాన్నా అంటే, మనకి అచ్చిరాదులే. మంచి చోట కూర్చోమంటే వెనక్కి జరిగే మనిషి అయిపోయారు. అదంతా వయసు అనుకున్నారు ఇంట్లో. నాకు తెలుసు అది ఏమిటో. తెలిసి, ఆయన పక్కన అన్నేళ్ళు అన్నం వడ్డించాను. ఆయన తిడతారని భయమా? ఆయన ఎప్పుడూ తిట్టలేదు. జాగ్రత్త గల మనిషి అన్న పేరు పోతుందని. ఆ పేరు నాకు ఆయనకన్నా ఎక్కువైంది.

ఈ మధ్య మనవరాలు ఫోనులో ఏదో చదువుతూ వచ్చింది. "మామ్మా, తాత సెప్పిన కంపెనీ ఇదే! తాత సెప్పినవి సేనా నిజవే" అంది. బండి చేసినవాడు నిజంగానే బీదవాడట, చదువు నిజంగానే లేదట. ఆ బిల్లు కథ మాత్రం ఎవరో అల్లినదై ఉండవచ్చని రాశారట. ఆయన చెప్పిన కథలన్నీ పిచ్చి కథలని నేను కసిరాను కదా. "మరి మన బండెందుకాగిపోనాది?" అని అడిగింది. "పాతదమ్మి, అంతే" అన్నాను. ఇంత వయసులో, ఇంకోసారి. చిన్నపిల్లకు కూడా.

అందుకే రాస్తున్నాను. రాశాక ఈ కాగితం దానికే చదవమని ఇస్తాను. క్షమించమని దాన్ని అడగను. క్షమించవలసింది అది కాదు. క్షమించవలసిన ఇద్దరూ లేరు. వాళ్ళ తరఫున మీరు నాకు ఊరట చెప్పకండి, వద్దు.

ఒక్క మాట తిన్నగా చెప్పి ఊపిరి తీసుకుంటాను. ఆ బండికి మా అత్త ఎవరో తెలియదు. దానికి రోడ్డు తప్ప ఏమీ తెలియదు. అది ఘాటీ ఎక్కగల బండి. ఆమె అందులో ఎక్కదగిన మనిషి. ఆమె కొడుకు ఎక్కించదగిన మనిషి. ఆపింది నేను.