చిప్పు మీది నంబరు

మొన్న ఒక పసుపు దుకాణం వాళ్లు పెర్కిట్‌లోని నా షాపుకు తమ కంప్యూటర్ తెచ్చారు. మూత తీయగానే లోపలి దుమ్ములోంచి పసుపు వాసన గుప్పుమంది. నాకు ఈ పని నేర్పిన లింబాద్రి సార్ గుర్తొచ్చారు.

తొంభైలలో, పసుపు బస్తాలు దిగే ఆర్మూర్ మార్కెట్ యార్డు దగ్గర ఆయన చిన్న కంప్యూటర్ సెంటర్ నడిపేవారు. నేను అక్కడ నేర్చుకోవడానికి చేరి, తర్వాత అక్కడే నేర్పే పనిలో కుదిరాను. సార్‌కు కంప్యూటర్ విప్పడమంటే ప్రాణం. ర్యామ్‌ను, అంటే మెమరీ చిప్పులుండే పట్టీని, ముట్టుకునే ముందు ఒంట్లో ఉన్న కరెంటు పోవాలని కిటికీ ఇనుప చువ్వను పట్టుకునేవారు. "ఎన్ని ఎంబీలని అడిగితే సరిపోదమ్మా," అనేవారు. "చిప్పు మీది నంబరు సదవాలె. చివర ఆరుంటే జోరుగ నడుస్తది, ఏడుంటే జర నెమ్మది. మన మిషన్‌ల రెండు ముక్కలు వెయ్యాలె, రెండూ ఒక్క తీరుగుండాలె."

అప్పటికే ఆయన కళ్లకు శుక్లాలు వచ్చాయి, ఆ సన్నని అక్షరాలు ఆనేవి కావు. అందుకే నేను చుట్టాల పెళ్లికని హైదరాబాద్ వెళ్తుంటే వివరాలన్నీ చీటీ మీద రాసిచ్చి, రెండు ర్యాములు తెమ్మన్నారు. బస్సు తప్పిపోతుందన్న తొందరలో, దుకాణంలో ఇచ్చినవి ఇచ్చినట్టే సంచిలో వేసుకున్నాను.

"నంబర్లు సదివినవా?" అని నేను తిరిగి రాగానే అడిగారు సార్.

"సదివిన సార్," అన్నాను.

రెండు రోజులకు ఆ మిషన్ మొరాయించడం మొదలుపెట్టింది. పిల్లలు టైపు చేసిందంతా మధ్యలోనే పోయేది. సార్ ర్యాములు తీసి తుడిచి మళ్లీ పెట్టేవారు. మర్నాడు మళ్లీ అదే కథ. ఒక మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్లినప్పుడు వాటిని వెలుతురులో పెట్టి చూశాను. ఒకదాని చివర ఆరు, రెండోదాని చివర ఏడు.

ఆయన రాగానే చెప్పాలనుకున్నాను. కానీ కుర్చీలో కూర్చుంటూనే ఆయన, "నా చేతితోనే ఏదో ఖరాబైంది. కండ్లు ఆనకున్నా ముట్టుకుంటున్న గదా. ఇగ నువ్వే చూసుకో," అని స్క్రూడ్రైవర్ నా ముందు పెట్టారు. నేను దాన్ని అందుకున్నాను.

ఆ వారమే నిజామాబాద్ వెళ్లి సరైనది తెచ్చి, ఎవరికీ చెప్పకుండా మార్చాను. మిషన్ చక్కగా నడిచింది. "చూసిండ్రా, ఈమె చెయ్యి మంచిది," అని సార్ వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నారు. ఆ తర్వాత ఆయన మళ్లీ ఏ కంప్యూటర్ మూతా తీయలేదు. నేను విప్పుతుంటే పక్కన స్టూలు మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని చూసేవారు.

కొన్నేళ్లకు ఆయన దవాఖానలో ఉన్నారని తెలిసి, ఈసారి చెప్పి తీరాలని వెళ్లాను. "మిషన్లు మంచిగున్నయా?" అని అడిగారు. "ఉన్నయి సార్," అని మాత్రం అనగలిగాను. పది రోజులకు ఆయన పోయారు.

ఇప్పుడు నా దగ్గర ర్యామ్ కొనేవాళ్లకు అన్నీ వివరంగా చెప్తాను. వాళ్ల ర్యామ్, నా ర్యామ్ పక్కపక్కన పెట్టి నంబర్లు వాళ్లచేతే చదివిస్తాను. మంచి నమ్మకస్తురాలినని ఊళ్లో పేరు. తప్పు సార్ చేతిది కాదన్న సంగతి మాత్రం నాకొక్కదానికే తెలుసు.