డెమో పీసుకు బొట్టు

ల్యాప్‌టాప్ ఒంటి చేత్తో తెరుచుకుంటుందా లేదా అన్న సంగతి నేను చదివిన సమీక్షల్లో ఒక్కరూ రాయలేదు. రాసినవాళ్ల చంకలో పిల్లలు ఉండి ఉండరు. నా చంకలో ఎనిమిది నెలల పాప ఉంది. దింపితే ఏడుస్తుంది, ఎత్తుకుంటే జుట్టు పట్టుకుని లాగుతుంది. అందుకని ఇంటికి తెచ్చిన మూడు ల్యాప్‌టాప్‌లకూ నేను పెట్టిన మొదటి పరీక్ష అదే.

అన్నిటికంటే తేలికైనది వెండి రంగుది. ఎంత తేలికంటే, మూత పైకి లేపబోతే కింది భాగం కూడా దానితో పాటే లేచి వచ్చేది. ఇంకో చేత్తో అదిమి పట్టుకోవాలి. ఆ ఇంకో చేతిలో పాప ఉంది. నీలం రంగుది బాగానే తెరుచుకుంది కానీ, కాసేపు వాడేసరికి లోపలి ఫ్యాను మిక్సీలా రొద మొదలుపెట్టేది. పాప ఉలిక్కిపడి లేచేది. నల్లది చూడ్డానికి ఏమంత గొప్పగా లేదు. బరువు కూడా మిగతా రెండిటికంటే కాస్త ఎక్కువే. కానీ బొటనవేలితో మూత ఎత్తితే బల్లని అంటిపెట్టుకుని బుద్ధిగా కూర్చునేది.

ఇదంతా సరదాకి చేసిన పని కాదు. నేను కడియంలో ఒక మొక్కల నర్సరీ ఆఫీసులో పనిచేస్తున్నాను. ఎక్కడో పుణేలోనో సూరత్‌లోనో ఉన్న, మొక్కలు కొనే పార్టీ వీడియో కాల్‌లో మొక్కలు చూపించమంటాడు. మేం వరసల మధ్య నిలబడి, ఒక చేత్తో ఫోను పట్టుకుని మొక్కలు చూపిస్తూ, ఇంకో చేతి మీద ల్యాప్‌టాప్ మోస్తూ, స్టాకు చూసి అక్కడికక్కడే కొటేషన్ పంపాలి. ఆఫీసులో ఉన్న పాత ల్యాప్‌టాప్‌ని అందరం రోలు అనేవాళ్లం. "రోలు ఎవరి దగ్గరుందండీ?" అని గట్ల మీద నుంచి కేకలేసుకునేవాళ్లం. కడుపుతో ఉన్నప్పుడు కూడా నేను ఆ రోలు మోశాను.

కాన్పయ్యాక మళ్లీ పనిలోకి వెళ్లినప్పుడు మా సార్‌ని, అంటే నర్సరీ యజమానిని, ఒక్కటే అడిగాను. లారీ లోడింగ్ ఉన్న రోజుల్లో తప్పకుండా వస్తాను, మిగతా రోజులు ఇంటి నుంచి చేస్తాను అని. మా ఆయన ఉద్యోగం కాకినాడలో. ఆదివారాలకు వస్తారు. అత్తయ్య గారికి మోకాళ్ల నొప్పులు, పాపని రోజూ పొద్దస్తమానం ఆవిడ మీద వదిలెయ్యలేను. సార్ ఒప్పుకోకపోతే ఉద్యోగం మానెయ్యడం తప్ప నాకు దారి లేదు.

"చూద్దాం లెండమ్మా," అన్నారు సార్. "ముందు ఆ రోలు సంగతి తేల్చండి. రాజమండ్రి షాపాయన మూడు డెమో పీసులిస్తానన్నాడు. మోసుకోడానికి తేలికైంది కావాలి. వారం రోజులు వాడి చూసి, ఏది కొనాలో చెప్పండి."

ఆ "చూద్దాం" అన్న మాటని నేను ఎన్ని రకాలుగా విని చూసుకున్నానో. అన్నం తింటుంటే అవుననిపించేది, పాపకి స్నానం చేయిస్తుంటే కాదనిపించేది. ఈ ల్యాప్‌టాప్‌ల పని బాగా చేస్తే అవునంటారని చివరికి నాకు నేనే తేల్చుకున్నాను. షాపాయన పెట్టెలు చేతికిస్తూ, "జాగ్రత్తండి, మచ్చ పడితే మేం వెనక్కి తీసుకోలేం," అన్నాడు. ఆ రోజు నుంచీ వాటిని పాపకంటే జాగ్రత్తగా చూసుకున్నాను.

నర్సరీకి రోజుకొకటి తీసుకెళ్లాను. ఎండలో వెండి రంగుది అద్దమైపోయింది. అంకెలు కనిపించలేదు కానీ నా మొహమూ, వెనక పోక మొక్కలూ చక్కగా కనిపించాయి. శుక్రవారం నాడు నల్లది తీసుకెళ్లాను. ఎండలో అక్షరాలు కనిపించాయి. షేడ్‌నెట్ కింద నీటి తుంపర పడితే కొంగుతో తుడిచాను, ఏమీ కాలేదు. మధ్యాహ్నానికి ఏది కొనాలో తేలిపోయింది. తేలికపడ్డ మనసుతో ఇంటికి వచ్చాను.

దేవుడి గూటి ముందు పీట. పీట మీద వెండి రంగు ల్యాప్‌టాప్. దాని మూత మీద మూడు వేళ్లతో అడ్డంగా రాసిన పసుపు, మధ్యలో కుంకం బొట్టు, పైన ఒక నందివర్ధనం పువ్వు. పక్కన చాప మీద పాప చప్పట్లు కొడుతోంది.

"అత్తయ్య గారూ! ఇదేంటండీ?"

"ఏంటేంటే? కొత్త వస్తువు ఇంటికొచ్చి ఇన్నాళ్లయింది. బొట్టయినా పెట్టకుండా వాడేస్తున్నావు. అందుకే పిల్లకి జలుబు చేసింది. శుక్రవారం కదాని నేనే పెట్టాను."

"అది మనది కాదండీ! తిరిగిచ్చెయ్యాలి."

"మనది కాకపోతే మనింట్లో ఎందుకుందే?"

"చూసి ఇచ్చెయ్యడానికండీ."

"చూసి ఇచ్చెయ్యడానికి అదేమన్నా పెళ్లికూతురా?" అంది ఆవిడ. అప్పటికి నా మొహం చూసింది. పువ్వు తీసి గూట్లో పెట్టేసింది.

కుంకం తుడిస్తే పోయింది. పసుపు పోలేదు. నీళ్లతో కలిపి రాసిందేమో, వెండి రంగు మీద మూడు వేళ్ల చారలూ అచ్చు గుద్దినట్టు నిలిచిపోయాయి. తడిబట్టతో తుడిచాను, కొంచెం సబ్బు నురగతో తుడిచాను. స్పిరిట్ పెడితే రంగు ఊడుతుందేమోనని భయమేసింది. ఇచ్చిన ఒక్క పనిలో మచ్చ తెచ్చానని సార్ అనుకుంటారు, చంటిపిల్లల తల్లికి ఇంట్లో ఏ వస్తువిచ్చినా ఇంతే అనుకుంటారు, "చూద్దాం" కాస్తా "కుదరదమ్మా" అవుతుంది. అక్కడి దాకా నా ఆలోచన వెళ్లిపోయింది.

అత్తయ్య గారు సాయంత్రం కాఫీ తాగలేదు. "నేనొచ్చి మీ సార్‌తో చెబుతాలే, నాదే తప్పని," అంది. ఆవిడ నర్సరీకొచ్చి సార్ ముందు నిలబడడం ఊహించుకుంటే నాకు ఇంకా భయమేసింది.

ఉపాయం పాప జుబ్బా చెప్పింది. ఆదివారాలు నలుగు పెట్టాక దాని తెల్ల జుబ్బాలకి పసుపు అంటుతుంది. ఎంత ఉతికినా పోనిది, ఎండలో ఆరేస్తే తనంతట తనే వెలిసిపోతుంది. దండెం మీద నుంచి జుబ్బా తీస్తూ, ల్యాప్‌టాప్‌నీ ఎండలో పెడితే, అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న డాబా మీదికి అత్తయ్య గారే ముందు ఎక్కింది, మోకాళ్లు పట్టుకుంటూ. ఎలాగూ గుమ్మడి వడియాలు పెట్టాలంది. మంచం మీద తడిగుడ్డ పరిచి వడియాలు, పక్కన కుర్చీలో మూసి పెట్టిన ల్యాప్‌టాప్. రెండిటికీ కలిపి ఒకటే కాపలా. నెత్తిన గొడుగు పెట్టుకుని, చేత్తో చీపురు పుల్ల ఆడిస్తూ కాకుల్ని తోలింది. నేను నిమిషానికోసారి వచ్చి ల్యాప్‌టాప్ వీపు తాకి చూసేదాన్ని.

"కాలుతోందా?"

"లేదండి, గోరువెచ్చగా ఉంది."

"పోనీ తిరగెయ్యనా?"

"తిరగెయ్యకండి, అది వడియం కాదు!"

అప్పుడు నవ్వింది ఆవిడ. నాకూ నవ్వొచ్చింది. ఎండ చురుక్కుమనేలోపు తీసేశాను. ఆదివారం పొద్దున్న మళ్లీ పెట్టాం. చారలు పలచబడ్డాయి కానీ, నా కళ్లకి కనిపిస్తూనే ఉన్నాయి.

సోమవారం పెట్టెలన్నీ ఆటోలో వేసుకుని, పాపని ఎత్తుకుని రాజమండ్రి వెళ్లాను. రెండు రోజులు మెట్లెక్కి దిగి అత్తయ్య గారు మంచం దిగలేకపోయింది మరి. సార్ అప్పటికే షాపులో కూర్చుని టీ తాగుతున్నారు. ఆయన ఉన్నప్పుడే చెప్పెయ్యాలని దారంతా అనుకున్న మాట గబగబా చెప్పేశాను.

"ఈ వెండి రంగుదానికి మచ్చ పడిందండి. మా అత్తయ్య గారు మనదే అనుకుని పసుపు రాశారు."

షాపాయన దాన్ని ట్యూబులైటు కింద అటూ ఇటూ వంచి చూశాడు. "ఎక్కడండీ?"

"అదిగోండి, మధ్యలో. మూడు చారలు."

"నాకేం కనపట్టం లేదే. సార్, మీరోసారి చూడండి."

సార్ కళ్లజోడు పెట్టుకున్నారు. "ఏదమ్మా మచ్చ?"

చూపిద్దామని వంగాను. ట్యూబులైటు వెలుగులో వెండి రంగు తప్ప ఏమీ లేదు. చారలు ఎక్కడుండేవో నాకు తెలుసు కాబట్టి నేనొక్కదాన్నే ఇంకా చూస్తున్నాను.

షాపాయన మూత సందులోంచి గోటితో కొంచెం ఎర్రటి పొడి తీశాడు. "కుంకం మాత్రం ఇక్కడుందండి. ఆయ్, ఇదేం కొత్త కాదు లెండి. పోయినసారి ఒకాయన డెమో పీసు కింద నిమ్మకాయ పెట్టి తొక్కించబోయాడంట."

"చక్రాలేవయ్యా దానికి?" అన్నారు సార్, టీ ఒలకబోసుకుంటూ.

"వాళ్లావిడా అదే అడిగిందంటండి."

నవ్వులయ్యాక సార్ నా వైపు తిరిగారు. "సరే, ఏది కొందామంటారు?"

"నల్లదండి."

"బరువెక్కువున్నట్టుంది కదమ్మా? తేలికదే కావాలన్నాం కదా."

"ఫోను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో తెరిచి చూడండి సార్."

వెండి రంగుది తెరవబోతే మొత్తం లేచి బల్ల అంచు దాకా జారింది, షాపాయన పట్టుకున్నాడు. నల్లది బొటనవేలికే తెరుచుకుంది. సార్ రెండుసార్లు మూసి తెరిచారు. "ఇన్నాళ్లూ ఆ రోలుతో ఎలా చేశారమ్మా మీరంతా?" అన్నారు.

బయటికొచ్చాక, సార్ కారెక్కబోతుంటే అడిగాను. "మరి నా సంగతండీ?"

"ఏ సంగతమ్మా?"

"ఇంటి నుంచి పని..."

"దానికే కదా తేలికది చూడమన్నది, మీరు ఇంటికీ నర్సరీకీ మోసుకోవాలని. లోడింగ్ రోజు మాత్రం ఎగ్గొట్టకండి." నా భుజం మీద నుంచి తన జేబులోని పెన్ను లాగుతున్న పాప చేతిలోంచి దాన్ని మెల్లగా విడిపించుకుని వెళ్లిపోయారు.

ఆటోలో కూర్చున్నాక పాపని గట్టిగా పట్టుకుని కాసేపు కళ్లు మూసుకున్నాను.

నల్ల ల్యాప్‌టాప్ ఇంటికొచ్చిన రోజు అత్తయ్య గారు దూరంగా నిలబడి అడిగింది. "ఇది మనదేనా?"

"ఆఫీసుదేనండి. కానీ ఇచ్చెయ్యక్కర్లేదు."

"మరి పెట్టనా?"

"పెట్టండి. కుంకం ఒక్కటే."

చిటికెన వేలితో, చంటిపిల్లకి పెట్టినంత చిన్న బొట్టు పెట్టింది.

ఇది దాని మీదే రాస్తున్నాను. పాప నా ఎడమ చేతి మీద నిద్రపోతోంది. జ్వరమేమోనని ఇందాక పాప నుదురు తాకి చూశాను, చల్లగానే ఉంది. మళ్లీ తాకాలనిపించింది కానీ, లేస్తుందని ఊరుకున్నాను.