మగ్గు నీళ్ళు, ముప్పై ఎనిమిది కిలోమీటర్ల దిగుడు

లేహ్ నుంచి రెండు రోజులు ట్రక్కుల కూసోని మా ఆర్మీ పోస్టుకు చేరిన. దిగేసరికి పొద్దున పదకొండు. ఎండ కండ్లల్ల పొడుస్తుంది గని ఒంటికి తగుల్తలేదు. ఒక లోయ, నాలుగు బంకర్లు, రేకుల షెడ్డు కింద ఒక జీపు. చెట్టన్నది లేదు. ఇబ్రహీంపట్నం ఎండల్ల పెరిగినోన్ని, మూడు స్వెట్టర్లేసుకొని వణికిన.

నా డ్యూటీ డ్రైవరు. మెకానిక్కు లేడు గనక అదీ నేనే. మాటలన్నీ హిందీల నడిచేవి, మీకోసం మన మాటల చెప్తున్న. పోస్టుకు పెద్ద సుబేదార్ సాబ్. ఆయనకు నా పేరు నోరు తిరగలే, ఊరి పేరు పట్టుకున్నడు. ఆ రోజు సంది అందరికీ నేను 'పట్నం'.

ఆ జీపు కింది క్యాంపు నుంచి కిరసనాయిలు డబ్బాలు, రేషను మోసేది. ముప్పై ఎనిమిది కిలోమీటర్లు, అంతా రాళ్ళ బాట. బరువుకు వెనక కుంగి, అడుగు రాళ్ళకు తగిలేది. పదో రోజు నేను పాడుపడ్డ ఇంకో జీపు కమాన్లు విప్పి, దీనికి వెనక రెండు దిక్కుల రెండేసి పట్టీలు ఎక్కువ బిగించిన. కమాను అంటే తెలుసు కద, బండి బరువును మోసే ఇనుప పట్టీల కట్ట. టైర్లల్ల గాలి కూడా గట్టిగ కొట్టిన. ఇగ ఎంత బరువేసినా బండి వంగలే. "శభాష్ పట్నం" అన్నడు సుబేదార్ సాబ్. నేను మస్తు పొంగిపోయిన. ఖాళీగ దిగేటప్పుడు మాత్రం బండి మేకపిల్ల లెక్క ఎగిరేది. ఎగిరితే ఎగరనీ, నడుము నాదే కద అనుకున్న.

నేనొచ్చిన ఏడో నెల. మధ్యాహ్నం పన్నెండూ యాభై. మా రేడియో ఆపరేటర్ యాంటెనాకు పట్టిన మంచు దులపనీకి బండ మీదికెక్కి జారి పడ్డడు. రాజస్థాన్ మనిషి. నా పక్క మంచమే. రోజూ పండుకునే ముందు "పట్నం, మీ మక్క గారెల ముచ్చట మళ్ళ చెప్పు" అనేటోడు.

మా పోస్టుల మందులిచ్చే నర్సింగ్ అసిస్టెంట్ చూసి లేచి నిలబడ్డడు. "నడుము ఎముక విరిగినట్టుంది. కాళ్ళు ఇంకా ఆడుతున్నయి. బండిల ఎగిరెగిరి పడితే అవీ పోతయి."

రేడియోల కింది క్యాంపు నుంచి మాటొచ్చింది. "మబ్బు ఉంది. హెలికాప్టర్ రాదు. చీకటి పడకముందే దించండి."

ఆ పట్టీలు నా చేతులతోని బిగించినయి. విప్పుదామంటే మూడు గంటలు. మాకున్నవే నాలుగున్నర.

బండి ఎంత ఎగురుతదో చూడనీకి చాయ్ మగ్గుల నిండ నీళ్ళు పోసి, స్ట్రెచర్ పెట్టే చోట పెట్టిన. గేటు దాక నూరు మీటర్లు, మెల్లగ పోయిన. మగ్గు పక్కకు పడి ఉంది, చుక్క లేదు. టైర్లల్ల గాలి తీసిన, ముప్పై ఐదు పాయింట్ల నుంచి ఇరవైకి. బరువుకు కమాన్లు వంగాలని, ఇరుసు మీదికి వచ్చేటట్టు నాలుగు ఇసుక బస్తాలు వేసిన. ఈసారి సగం నీళ్ళు మిగిలినయి. ఇంకో నాలుగు వెయ్యబోతే సుబేదార్ సాబ్ అడ్డమొచ్చిండు.

"దిగుడుల ఇంత బరువా? బ్రేకులు పట్టకపోతే?"

"బ్రేకుల మీద దించ సాబ్. మొదటి గేరుల దించుత."

"గాలి తక్కువుంది. రాయి టైరును కోస్తే?"

"స్టెప్నీలు రెండు పెట్టిన. మొనదేలిన రాళ్ళు కనబడ్డ కాడ దిగి ఏరుకుంట పోత."

ఆఖరి బస్తా ఆయనే ఎత్తి వేసిండు. ఈసారి మగ్గుల రెండు వేళ్ళ మందం నీళ్ళే తగ్గినయి. బస్తాల మీద పరుపు, పరుపు మీద స్ట్రెచర్. పద్నాలుగూ పదికి, అంటే రెండూ పదికి, కదిలినం.

ఆపరేటర్ తల నా దిక్కు, కాళ్ళు వెనక తలుపు దిక్కు. ఊలు సాక్సు మీద, కుడి బొటనవేలికి నర్సింగ్ అసిస్టెంట్ తెల్ల గుడ్డ పట్టీ ముక్క వదులుగ కట్టిండు. నాకు అద్దంల అదొక్కటే కనబడేది. కిలోమీటరుకు ఒకసారి అసిస్టెంట్ "వేలు ఆడించు" అనేటోడు. పట్టీ కదిలేది. నేను ఊపిరి వదిలి మళ్ళ గేరు మీద చెయ్యి పెట్టేటోన్ని.

ఇరవై రెండో కిలోమీటరు కాడ వాగు. నీళ్ళ కింద గుంత కనబడలే. వెనక చక్రం దబ్బున దిగబడి లేచింది.

"వేలు ఆడించు."

పట్టీ కదలలే.

"వేలు ఆడించు భాయ్!"

కదలలే. బండి ఆపిన. శభాష్ కోసం ఈ మనిషి కాళ్ళు తీసిన కద అనుకున్న. వెనక్కి తిరిగే ధైర్యం రాలే.

నర్సింగ్ అసిస్టెంట్ వంగి ఆయన నాడి చూసిండు, చెంప తట్టిండు. వెనక నుంచి ఆపరేటర్ బూతు వినబడ్డది. "పండుకోనియ్యరా? ఇప్పుడే కండ్లు మూతపడ్డయి." అద్దంల పట్టీ కదిలింది. నేను ఏడ్చిన. దాచుకోలే.

పదిహేడూ నలభైకి కింది క్యాంపు దవాఖాన కాడ దించినం. ఎనిమిది నెలలకు ఫోన్ చేసిండు, కర్ర పట్టుకొని నడుస్తున్నడట.

సర్వీసు అయిపోయి ఊరికొచ్చిన. ఇప్పుడు సాగర్ రోడ్డు మీద షెడ్డు పెట్టుకున్న, దూరం పోయే బండ్లకు స్ప్రింగులు, టైర్లు మారుస్త. మొన్న బడంగ్‌పేట నుంచి ఒకాయన కారేసుకొని వచ్చిండు. ఎక్కడనో గట్టి స్ప్రింగులు ఏపిచ్చుకున్నడు. "అన్నా, పెద్ద టైర్లు కూడా వెయ్యి. లద్దాఖ్ పోతున్నం."

"వెనక ఎవరు కూసుంటరు?"

"మా ఆమె, పిల్లలు. సామాను రెండు బ్యాగులే."

మగ్గుల నీళ్ళు పోసి వెనక సీటు మీద పెట్టిన. "గా మట్టిబాట మీద ఒక కిలోమీటరు పోయి రా."

నవ్వుకుంట పోయిండు. వచ్చేసరికి సీటంతా తడి, మగ్గు కింద పడి ఉంది. నవ్వు లేదు. "మా ఆమెకు మొదలే నడుము నొప్పి అన్నా. మెత్తటివే వెయ్యి" అన్నడు.

వేసిన. నడిపి చూడనీకి నేనే కూసున్న. వెనక రోడ్డు కోసం అద్దం చూస్తే, రోడ్డుకన్న ముందు నాకు గదే కనబడుతది. ఊలు సాక్సు, బొటనవేలు, తెల్ల పట్టీ. అది కదిలేదాక నేను గేరు వెయ్య.