గౌరి కొండమీద ఈనిన రోజు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఉద్యోగమంతా ఆస్పత్రుల్లో నర్సుగా గడిపినదాన్ని. పోయినవాళ్లకు దవడ కట్టి, కాలి బొటనవేళ్లు ముడేసి, చేతులు కడుక్కుని వచ్చి టిఫిన్ తిన్నదాన్ని. ఒక్కరు కూడా లేచి వచ్చి నన్ను పలకరించిన పాపాన పోలేదు. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లూ సిగ్గుపడ్డాను.

మాది పిచ్చాటూరు దగ్గర పల్లె. మా ఆయన పోయి అప్పటికింకా ఏడాది తిరగలేదు. పిల్లలు లేరు. ఆ ఇంట్లో నాతోపాటు ఊపిరి పీల్చేది గౌరి ఒక్కటే. ఆయన పెంచిన ఆవు. నిజం చెప్పాలంటే, ఆయన ఉన్నప్పుడు దానిమీద నాకు కుళ్లు. నాకన్నా దానితోనే ఎక్కువ మాట్లాడేవాడు మహానుభావుడు. ఆయన పోయాక మాత్రం, అది కొట్టంలో నెమరు వేసే చప్పుడు వినిపిస్తే గాని నాకు నిద్ర పట్టేది కాదు.

మార్గశిరంలో ఒక సాయంత్రం గౌరి ఇంటికి రాలేదు. నిండు చూలుతో ఉంది, అదీ తొలిచూలు. టార్చి పట్టుకుని ఊరంతా వెతికినా కనిపించలేదు. తెల్లారగానే పక్కింటి చెంగయ్య మేకలు తోలుకుపోతూ మా వాకిట్లో ఆగాడు.

"అక్కా, నిన్న పొద్దుగూకే యాళకు మీ ఆవును కొండ మింద సూసినా. అదే దిగొస్తాదిలే అనుకున్నా. ఆడ చిరుత తిరగతా ఉండాదంట, ఒక్కదానివే పోవద్దు. మేకల్ని ఎవురికైనా అప్పజెప్పి వస్తా, ఉండు."

"నువ్వొచ్చేలోగా దాని ఎముకలు ఏరుకోవాల్సిందే," అని విసుక్కుని బయలుదేరాను.

ఏరు వచ్చి డ్యాములో కలిసే చోటు పక్కనుంచి కొండకు దారి. వానలకు డ్యాము నిండి, నీళ్లు పొలాల అంచుదాకా వచ్చేశాయి. మంచులో అవతలి ఒడ్డు కనిపించడం లేదు. చెప్పులు బురదలో దిగబడుతుంటే చేత్తో పట్టుకుని నడిచాను. మనిషి అలికిడి లేదు. "గౌరీ!" అని పిలిస్తే నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఎవరినైనా గట్టిగా పిలిచి ఎన్నాళ్లయిందో! ఏడుపొచ్చింది. ఇది కూడా పోతే ఇంటికెళ్లి ఎవరి ముఖం చూడాలి?

కొండ పెద్దదేం కాదు గాని నా మోకాళ్లకు అదే తిరుమల. సగం ఎక్కేసరికి బండల మధ్య గౌరి కనిపించింది. పక్కనే దూడ, నిలబడి పాలు తాగుతోంది. అమ్మయ్య అనుకుని అక్కడే కూలబడ్డాను.

కాస్త తేరుకున్నాక చూశాను. దూడ గిట్టల కింద ఉండే మెత్తటి పెచ్చులు గిల్లేసి ఉన్నాయి. దూడ పుట్టగానే మనుషులు చేసే పని అది. ఈనాక పడే మాయ ఎక్కడా లేదు. ఆవే తినేసిందేమో అనుకుంటూ తలెత్తితే, మేడిచెట్టు కొమ్మకు ఒక మూట వేలాడుతోంది.

ఆవు మాయ తింటే పాలు తగ్గుతాయని, దాన్ని మూటకట్టి పాలు కారే చెట్టుకు వేలాడదీయడం మా వైపు అలవాటు. ఇప్పుడందరూ యూరియా సంచిలో కట్టేస్తున్నారు. ఈ మూట మాత్రం వరిగడ్డితో చుట్టి, గడ్డితోనే పేనిన తాడుతో కట్టి ఉంది. మా ఊళ్లో అలా కట్టేది ఆయనొక్కడే. ఎవరి ఆవు ఈనినా ఆయన్నే పిలిచేవాళ్లు. ప్లాస్టిక్ కడితే చెట్టుకు ఊపిరాడదని వాదిస్తే నేను నవ్వేదాన్ని.

కొండమీద వరిగడ్డి ఎక్కడిది? చెయ్యి చాపి ముట్టుకున్నాను. ఇంకా చుక్కలు కారుతూనే ఉంది.

ఇంతలో చెంగయ్య రొప్పుతూ వచ్చాడు. మూట కిందికి వెళ్లి తలెత్తి చూశాడు.

"అన్న కట్టినట్టే ఉండాదే అక్కా," అన్నాడు. దూడను భుజానికెత్తుకుని దిగాడు. గౌరి వాడి వెనకే నడిచింది.

జున్ను పంచిపెట్టే నెపంతో గొర్రెల కాపరుల్నీ, కట్టెలకు వెళ్లేవాళ్లనూ అందర్నీ అడిగాను. అందరూ తాము కాదన్నారు. చేసినవాళ్లు దాచుకోవడానికి అదేమైనా తప్పుపనా? ఎంత ఆలోచించినా నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు.

భయమేసిందా అని అడుగుతారు. లేదు, కోపమొచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు. ఆవుకు పురుడు పోయడానికి అంతదూరం వచ్చిన మనిషి, నేను ఆయాసపడుతూ ఎక్కి వచ్చేదాకా ఇంకో ఘడియ ఆగలేకపోయాడా?