కార్డుకూ మనిషికీ ఒక్కటే ఫోను

నేను ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టిన. టేపురికార్డర్లు బాగుచేసుకుంట చేసుకుంట, తొంభైల చివరికొచ్చేసరికి కంప్యూటర్ల దగ్గర తేలిన. రెండిట్లోనూ దుమ్ము ఒకటే. కాకపోతే కంప్యూటరు దుమ్ముకు మర్యాద ఎక్కువ.

ఒక వానాకాలం, ఖమ్మంలో నేను పనిచేసే షాపోళ్లు నన్ను ములకలపల్లి దిక్కు అడవి అంచున ఉన్న ఒక కర్ర డిపోకు పంపిన్రు. వెదురు లారీలు, సుబాబుల్ లారీలు వచ్చి కాంటా ఎక్కే చోటు అది. తూకాలన్నీ ఆఫీసు గదిలోని సర్వర్‌లోకి పోతయి. ఆ సర్వర్‌కు ఒక రోగం ఉండె. ఉన్నట్టుండి బిగుసుకపోయేది. ఎవరో ఒకరు బటన్ నొక్కి ఆపి, మళ్లీ లేపాలె. అది లేచేదాకా లారీలు రోడ్డు దాకా బారు కట్టేవి.

అందుకని పెద్దాఫీసోళ్లు దానిలో ఒక కార్డు పెట్టించిన్రు. కార్డుకు ఫోను వైరు తగిలిస్తరు. పెద్దాఫీసు కంప్యూటర్ నుంచి ఫోను చేస్తే కార్డే ఎత్తుకుంటది, అక్కడి సారు చెప్పినట్టు సర్వర్‌ను ఆపి లేపుతది. సర్వర్ పడుకున్నా ఇది మేలుకొనే ఉంటది, దానికి వేరే చిన్న అడాప్టరు. ఆ కార్డు పిడుగుకు మాడిపోయింది. కొత్తదాన్ని దాని వెండిరంగు కవర్లోనే ఒళ్లో పెట్టుకొని బస్సులో పోతుంటే పక్కసీటు ముసలామె "ప్రసాదమా బిడ్డా?" అనడిగింది.

"అవ్ అవ్వా. తింటే పండ్లూడుతయ్."

డిపో చేరినంక మాత్రం నా ఎకసెక్కాలు నోట్లనే ఆగిపోయినయి. అక్కడి ఆపరేటర్ నాకంటే కొంచెం చిన్నోడు, గూడెంలో వాళ్లింటి నుంచి నౌకరీకి వచ్చిన మొదటి మనిషి. సంచి సర్దుకొని గడపలోనే నిలబడి ఉన్నడు. వాళ్లమ్మ ఖమ్మం దవాఖానాల ఊపిరందక పడి ఉన్నది. దగ్గర తమ్ముడొక్కడే. కార్డు కాలినప్పటి నుంచి సర్వర్‌ను లేపే చెయ్యి ఈయనదొక్కటే. సెలవడిగితే పెద్దాఫీసు సారు "కొత్త కార్డు నాకు పలికినంక పో" అన్నడట.

"ఎంతసేపైతదన్నా?"

"కార్డు నా మాట వింటే చాయ్ చల్లారేలోపు."

నవ్వలే. "జల్దీ చెయ్యన్నా. అమ్మ పొద్దుటి నుంచి కండ్లు తెరుస్తలేదట."

సర్వర్ ఆపి, ఒంట్లో కరెంటేమన్న ఉంటే దిగిపోవాలని దాని ఇనుప పెట్టెను ముట్టుకొని, కార్డు బిగించిన. అడాప్టర్ పెట్టంగనే, సర్వర్ ఇంకా నిద్రల ఉండంగనే, కార్డు మీద పచ్చ దీపం ఎలిగింది. కొత్త కార్డు అంటే పసిపిల్ల లెక్క. టైమెంతో తెలవదు, తన పేరేందో తెలవదు, ఎవర్ని లోపలికి రానియ్యాల్నో తెలవదు. పాతదానికి నేర్పినవన్నీ పాతదానితోనే మాడిపోయినయి. సర్వర్ లేచేటప్పుడు కార్డు మెనూలోకి పోయి అన్నీ మళ్లీ చెప్పిన. తేదీ చెప్పిన, పాస్‌వర్డు చెప్పిన, ఫోను ఐదుసార్లు మోగినంక ఎత్తుకొమ్మని చెప్పిన. పెద్దాఫీసుకు ఫోను చేసి, "ఇంక మీ కంప్యూటర్‌తోని చేసి చూడుండ్రి సార్" అని పెట్టేసిన.

ఫోను మోగింది. ఒక్కసారి మోగి ఆగింది.

కాంటా గదిలో ఇదే లైను మీద ఇంకో ఫోనుంది. అక్కడ తూకం వేసే పెద్దాయన ఎత్తేసిండు. కిటికీలోంచి ఆయన గొంతు వినబడ్డది: "హలో, ఎవలు? అరె, మాట్లాడమంటే కుయ్ కుయ్ మంటున్నరేందిరో!"

"అది నీకు కాదు పెద్దాయనా, మిషన్‌కు!"

"మిషన్‌కు ఫోనెవలు చేస్తరు తమ్మీ? దానికి చుట్టాలున్నరా?"

"నీకంటే ఎక్కువే ఉన్నరు. ఎత్తకు."

ఆయన తప్పేం లేదు. చుట్టుపక్కల గూడేలన్నిటికీ ఆ ఫోనొక్కటే దిక్కు. కాన్పు కబురైనా, చావు కబురైనా దాంట్లోంచే రావాలె. అందుకే మోగితే చాలు, దగ్గరున్నోడు చేతిల పనిడిసి ఎత్తుతడు. రెండోసారి మోగనిస్తే అవతలోళ్లను గడప బయట నిలబెట్టినట్టే వాళ్లకు. గసొంటోళ్లకు నేను, మోగనియ్యుండ్రి, ముట్టకుండ్రి అని చెప్తున్న.

పెద్దాయన భుజం మీది తువ్వాల తీసి ఫోను మీద కప్పి, మా గదికొచ్చి కూసున్నడు. ఆపరేటర్ ఇక్కడి ఫోను ముందల నిలబడ్డడు.

మోగింది. మళ్లీ మోగింది. మూడోసారికి ఆపరేటర్ చెయ్యి దాని మీదికి పోయింది. నేను మణికట్టు పట్టుకున్న.

"సారే. ఆగు."

"తమ్ముడైతే?"

నేను చెయ్యి ఇడవలే. ఐదోదానికి కార్డు ఎత్తుకొని కీచుమని అరిచింది. సారైతే సర్వర్ ఆగి లేవాలె. మేం ముగ్గురం దాన్నే చూస్తున్నం. సర్వర్ కదల్లే. కొంచెంసేపు అరిచి కార్డు ఊకున్నది.

అవతల ఉన్నది మనిషి. మా కార్డు అరుపు విని పెట్టేసిండు.

నేను కార్డు ఫోను వైరు పీకేసిన. మళ్లీ మోగంగనే ఆయన సగం మోతకే ఎత్తిండు. తమ్ముడే. ఇటు నుంచి "ఆఁ... ఆఁ..." అనుడే తప్ప మాట లేదు. పెట్టేసి మా దిక్కు తిరిగిండు.

"కండ్లు తెరిచిందట. నన్నడుగుతున్నదట. డాక్టరు జల్దీ రమ్మన్నడట." సంచి దిక్కు చూసి, సర్వర్ దిక్కు చూసిండు. "సారుకు ఇంకా పలకనే లేదు."

"సారుకు నేను పలుకుత" అన్న. "కార్డు మొరాయిస్తే బటన్ నొక్కెటందుకు నాకూ ఏలున్నది. పో."

"గది తాళం నా దగ్గర పెట్టి పో బిడ్డా" అన్నడు పెద్దాయన.

కర్ర దించి పోతున్న ఖాళీ లారీ ఒకటి ఖమ్మం దిక్కే పోతుండె. డ్రైవర్‌ను బతిమాలే పని పడలే, సంగతి విని తలుపు తెరిచి పట్టుకున్నడు. ఆపరేటర్ ఎక్కి కూసొని, "చేరినంక మీకెట్ల చెప్పాలన్నా? నేను చేస్తే అది అరుస్తది" అన్నడు.

"మేం ఇంటికి మోగించి పెట్టేస్తం" అన్నడు డ్రైవర్. "బండి చేరిందని ఇంటోళ్లకు తెలుస్తది. ఎస్టీడీ బూతుల పైస పడదు."

ఆపరేటర్ సంచి ఒళ్లోకి తీసుకున్నడు. "అమ్మ ప్రాణంతోని ఉంటే రెండుసార్లు మోగించి పెట్టేస్త."

తలుపు ఏసుకుంట మళ్లీ అన్నడు: "లేకుంటే మోగనిస్త. నా బదులు అదే అరుస్తది."

లారీ పోయినంక కార్డుకు వైరు తగిలించిన. సారు చేసిండు. ఐదుసార్లు మోగింది, కార్డు ఎత్తింది, ఎవరూ ముట్టకుండనే సర్వర్ ఆగి మళ్లీ లేచింది. తూకం కోసం కూసున్న కల్లూరు దిక్కు రైతొకాయన కిటికీలోంచి తొంగిచూసి, "అబ్బో, దెయ్యం బానే నేర్చిందయ్యా" అన్నడు. నేను ఫోను చేసి సారుకు చెప్పిన.

"ఆపరేటర్ ఏడి?" అన్నడు సారు.

"మీరు పొమ్మన్నరు కద సార్, కార్డు పలికినంక. పోయిండు."

కొంచెం ముందుగాల్నే పోయిండనేది మా సర్వర్‌కు, నాకు, పెద్దాయనకు తెలుసు.

పొద్దుగూకేదాకా లారీలు కాంటా ఎక్కి దిగినయి. ఆఖరి లారీ పోయినా నేను బస్సుకు పోలే. పెద్దాయన చాయ్ తెచ్చిండు గానీ ఇద్దరం తాగలే. అప్పుడు మోగింది ఫోను. పెద్దాయన చెయ్యి అలవాటుగ లేచి, మళ్లీ ఒళ్లోకి పోయింది. రెండోసారి మోగింది. ఆగింది.

ఇంకా మోగుతదేమోనని మేం కదల్లే. మోగలే.

"ఉన్నది" అన్నడు పెద్దాయన. తువ్వాలతోని మొఖం తుడుచుకున్నడు.

ఇంకోసారి ఏదో రిపేరుకు ఆ డిపోకు పోయినప్పుడు ఆయన నన్ను కాంటా గదిలోకి పిలిచిండు. ఆపరేటర్ వాళ్లమ్మ ఆ వారంలోనే పోయిందట, కొడుకు పక్కనే ఉన్నడట.

"ఎట్ల తెలిసింది పెద్దాయనా?"

"ఫోను మోగింది తమ్మీ. నేను ముట్టలే. ఐదోదానికి నీ కార్డు ఎత్తుకొని అరిచింది. సారేమోనని సర్వర్ దిక్కు చూసిన. సర్వర్ కదల్లే." ఆయన కిటికీలోంచి ఆఫీసు గది దిక్కు చూసిండు. "అది అరుపు ఆపేదాకా నేను లేచి నిలబడే ఉన్న."